బతుకమ్మ ఆటలో ఆ బిడ్డకూ చోటు

 

ఈ రోజు ఆటిజం గురించి మాట్లాడుకుందాం. కొందరు పిల్లలు పేరు పెట్టి పిలిచినా పలకరు. కళ్లలోకి చూడరు. చేతులు ఊపుతుంటారు. గిరగిరా తిరుగుతుంటారు. మాట ఆలస్యంగా వస్తుంది. కొందరికి రానే రాదు. కుక్కర్ కూత వేసినా కొందరు చెవులు మూసుకుంటారు. ఇట్లాంటి లక్షణాలు చాలా కలిసి ఉంటే అది ఆటిజం కావచ్చు. డాక్టర్ చూసి చెప్పాలి.

ఇది గాలి సోకడం కాదు. దిష్టి కాదు. మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. తల్లి ప్రేమ చూపకనే బిడ్డ ఇట్లయిందని ఒకప్పుడు డాక్టర్లే అన్నారు. అది తప్పని 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త పుస్తకం రాశాడు. ఆయన కొడుక్కీ ఆటిజం ఉంది. కాబట్టి ఎవరైనా "నీ తప్పే" అంటే తల దించకండి.

ఆటిజం మందుతో పోయేది కాదు. కానీ బిడ్డకు పనులు నేర్పవచ్చు. తానం చేయడం, అంగి గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకొని తినడం. ఇట్లా రోజువారీ పనులు నేర్పే పద్ధతిని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. అందులో ఆటను, నాట్యాన్ని కూడా వాడుకుంటారు.

ఆటకూ గుండీకీ ఏం సంబంధం? మీకు బీడీ చుట్టుడు ఎట్ల వచ్చింది? ఆకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. రోజూ అదే వరుస. చేతులకు అలవాటైంది. బతుకమ్మ ఆటలోనూ అంతే. వంగాలి, చప్పట్లు కొట్టాలి, అడుగు వేయాలి. తర్వాత ఏం చేయాలో ముందే తెలుస్తుంది. ఆటిజం ఉన్న చాలామందికి తెలిసిన వరుసే ధైర్యం. చూసి చేయడం, రెండు చేతులు కలిపి చేయడం, ఆగి మళ్లీ కదలడం ఆటలో అలవాటవుతాయి. అయితే ఆట ఒక్కటే చాలదు. గుండీ పెట్టడం గుండీతోనే నేర్పాలి. ఆట దానికి బాట వేస్తుంది.

ఎట్లా మొదలుపెట్టాలి? అమెరికాలో మరియన్ చేస్ అనే నాట్యకారిణి ఉండేది. 1942లో ఆమె వాషింగ్టన్‌లో ఒక మానసిక దవాఖానలో పని మొదలుపెట్టింది. రోగులను తన వెంట ఆడమనలేదు. వాళ్లు కదిలినట్టు ముందు తానే కదిలింది. మనమూ అట్లే చేయాలి. బిడ్డ ఊగితే పక్కన కూర్చొని మీరూ ఊగండి. కొద్దిసేపటికి ఒక చప్పట్టు కలపండి. బిడ్డ చూస్తే ఇంకొకటి కలపండి. ఇష్టపడకపోతే ఆపండి. చెయ్యి పట్టి గుంజవద్దు. డీజే పెట్టెల దగ్గరికి తీసుకుపోవద్దు. వాకిట్లో ఇద్దరు ముగ్గురు మెల్లగా పాట పాడితే చాలు. రోజూ ఒకే వేళకు ఆడించండి.

2016 చట్టం ఆటిజాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా చేర్చింది. బడిలో చేరడం ఆ బిడ్డ హక్కు. మండలంలోని భవిత కేంద్రం గురించి బడి పంతులును అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ కూడా ఉంది.

సద్దుల బతుకమ్మ నాడు ఆ బిడ్డను ఇంట్లో పెట్టి గొళ్లెం వేయకండి. వరుస చివర, సప్పుడు తక్కువ ఉన్న చోట నిలబెట్టండి. ఒక్క అడుగు వేసినా ఆడినట్టే. మీ వాడలో అట్లాంటి బిడ్డ ఉంటే, ఆ తల్లి దగ్గర కూర్చొని ఈ పాఠం మీరే చదివి వినిపించండి.