మనసును కొలిచే ప్రశ్నలు: ఎవరి మీద సరిచూశాం?

ఎవరి పేరిట ఇక్కడ చేరామో ఆ మాస్టారు జీవితమంతా సంఖ్యాశాస్త్రం చెప్పారు. ఎవరైనా ఒక శాతం చెబితే, అది ఎవరిని లెక్కపెడితే వచ్చిందో తేలేదాకా వదిలేవారు కాదని ఆయన శిష్యులు అంటారు. ఈ పూట మానసిక ఆరోగ్య ప్రశ్నావళులను నేనూ అదే అడుగుతాను.

ఫలానా జిల్లా రైతుల్లో, ఫలానా కాలేజీ పిల్లల్లో నూటికి ఇంతమందికి డిప్రెషన్ ఉందని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. ఆ అంకె వెనక చాలాసార్లు డాక్టరు ఉండడు, ఒక కాగితం ఉంటుంది. అలాంటి వాటిలో బాగా వాడుకలో ఉన్నది పీహెచ్‌క్యూ-9. అమెరికాలో క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ 2001లో దాన్ని ప్రకటించారు. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, పనుల మీద ఆసక్తి ఎలా ఉన్నాయనే తరహాలో తొమ్మిది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డిప్రెషన్ ఉందేమోనని చూడాలి. ఉన్నట్టే అని కాదు. పైగా ఆ పది అక్కడి క్లినిక్కులకు వచ్చిన రోగుల మీద సరిచూసిన పది.

దాన్ని ఊళ్లోకి తీసుకువెళితే ఏమవుతుందో లెక్క వేద్దాం. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణను బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2019లో ప్రచురించింది. నిపుణులు ఎదురుగా కూర్చుని చేసిన ఇంటర్వ్యూలతో పోల్చితే, డిప్రెషన్ ఉన్నవారిలో నూటికి 88 మందిని ఈ ప్రశ్నావళి పట్టుకుంటోంది, లేనివారిలో నూటికి 85 మందికి లేదనే చెబుతోంది. మంచి పనితనమే. ఇక 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో ఆనాటికి డిప్రెషన్‌తో ఉన్నవారు 2.7 శాతం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో నడిపిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మనది అని చెప్పుకునే ఆ అంకె నిజానికి పొరుగువారిది. సరే, దాన్నే తీసుకుందాం.

వెయ్యిమంది పెద్దలున్న ఊరు. 27 మందికి జబ్బు ఉంది, కాగితం వారిలో 24 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 973 మందిలో నూటికి 15 చొప్పున 146 మందికి లేని జబ్బు అంటగడుతుంది. మొత్తం 170. మర్నాడు పత్రికలో ఆ ఊళ్లో 17 శాతం మందికి డిప్రెషన్ అని వస్తుంది. ఆ 170 మందిలో జబ్బు నిజంగా ఉన్నది ఏడుగురికి ఒక్కరికే. అదే కాగితాన్ని, వెయ్యిలో 300 మందికి జబ్బు ఉండే ఆసుపత్రి ఓపీలో వాడి చూడండి. అది పట్టుకున్న 369 మందిలో 264 మంది నిజమైన రోగులే. ప్రశ్నల్లో ఒక్క అక్షరం మారలేదు, జనం మారారు.

జనం మారితే తప్పేది ఈ లెక్క ఒక్కటే కాదు. రాత్రి మూడుసార్లు లేచి పాలిచ్చిన బాలింతను నిద్ర పడుతోందా అని అడిగితే ఏం చెబుతుంది? అందుకే 1987లో కాక్స్, హోల్డెన్, సగోవ్‌స్కీ బాలింతల కోసం రూపొందించిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఒంటి లక్షణాలను దాదాపు పక్కన పెట్టారు. నిద్ర గురించి అడిగినా, దిగులుతో నిద్ర పట్టడం లేదా అనే అడిగారు. వృద్ధుల కోసం యెసావేజ్ బృందం 1980లలో తయారుచేసిన ప్రశ్నావళిదీ ఆ దారే. మందగించిన ఆకలి వయసు వల్లనో మనసు వల్లనో విడదీయలేం కనుక అలాంటివి వదిలేసి, అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలు పెట్టారు. 1977 నాటి సీఈఎస్-డీ అనే మరో డిప్రెషన్ ప్రశ్నావళిలో ఏడుపు గురించి ఒక ప్రశ్న ఉంది. దిగులు ఒకే స్థాయిలో ఉన్నా మగవాళ్లకంటే ఆడవాళ్లే దానికి ఎక్కువగా అవునంటారని తర్వాత పరిశోధకులు తేల్చారు. మగపిల్లాడివి, ఏడుస్తావేంటిరా అని పెంచే చోట ఆ ప్రశ్న దిగులుతో పాటు పెంపకాన్నీ కొలుస్తోంది.

ప్రశ్నావళిని జనానికి తగ్గట్టు మలిచి సరిచూసే ఈ పని ఓపికగా చేసినవారు జింబాబ్వేలో కనిపిస్తారు. 1990లలో హరారేలో మనోవైద్యుడు విక్రమ్ పటేల్, ఆయన స్థానిక సహచరులు ఇంగ్లీషు ప్రశ్నావళిని అనువదించి సరిపెట్టలేదు. క్లినిక్కులకు, నాటువైద్యుల దగ్గరకు వచ్చినవారు తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటున్నారో విన్నారు. చాలామంది నోట వచ్చింది అక్కడి షోనా భాషలో 'కుఫుంగిసిస', అంటే అతిగా ఆలోచించడం. అలాంటి మాటలతోనే ప్రశ్నలు కూర్చి, జబ్బున్నవారిని లేనివారిని వేరుచేయలేని వాటిని తీసేసి, చివరకు 14 ప్రశ్నలతో షోనా సింప్టమ్ క్వశ్చనేర్‌ను 1997లో ప్రకటించారు. ఇంటి గడపలో పుట్టిన ప్రశ్నావళి కదా, ఇక చూడక్కర్లేదు అనుకోవచ్చు. అక్కడి మనోవైద్యుడు డిక్సన్ చిబాండా బృందం అలా అనుకోలేదు. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న జనంలో అది ఎలా పనిచేస్తుందో మళ్లీ పరీక్షించింది. స్కోరు తొమ్మిది దగ్గర గీత గీస్తే జబ్బున్నవారిలో నూటికి 84 మంది దొరుకుతారు, లేనివారిలో 73 మందినే సరిగా వదిలేస్తుంది అని 2016లో నిజాయితీగా రాసింది. ఆ కొలతనే చేతపట్టుకుని, క్లినిక్ ఆవరణలో బల్ల మీద కూర్చుని శిక్షణ పొందిన అవ్వలు మాటసాయం చేసే 'ఫ్రెండ్‌షిప్ బెంచ్'ను 24 క్లినిక్కుల్లో, 573 మందితో పరీక్షించారు. ఆరు నెలలకు, మామూలు వైద్యం పొందినవారికంటే ఆ సాయం అందినవారిలో లక్షణాలు బాగా తగ్గాయి. కొలత మీద నమ్మకం లేకపోతే ఆ ఫలితాన్ని ఎవరు నమ్మేవారు?

మన థీసిస్‌లకు వద్దాం. తెలుగులోకి అనువాదం, తిరిగి ఇంగ్లీషులోకి అనువాదం, క్రాన్‌బాక్ ఆల్ఫా 0.8 దాటింది, ప్రశ్నావళి ప్రామాణికం. చాలాచోట్ల అధ్యాయం అక్కడితో ముగుస్తుంది. ఆల్ఫా చెప్పేది ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయని మాత్రమే. ప్రశ్నలన్నీ కలిసి పేదరికాన్ని కొలుస్తున్నా ఆల్ఫా బాగానే వస్తుంది. అదీగాక సొంతంగా చదివి నింపాల్సిన కాగితాన్ని, చదువురాని కోడలికి అత్తగారి ఎదుట సర్వేయరు చదివి వినిపిస్తే అది అదే ప్రశ్నావళి అవుతుందా? రెండు వారాల్లో 'కొన్ని రోజులు', 'సగానికి పైగా రోజులు' అనే తేడా రోజుకూలీకి వెళ్లే మనిషి ఎలా లెక్కపెట్టుకుంటాడో మనం అడిగి చూశామా? ఇంట్లో గోండి మాట్లాడే ఆదిలాబాద్ పల్లెకూ, గుంటూరు కాలేజీ హాస్టలుకూ ఒకే కటాఫ్ అనడం నా దృష్టిలో సోమరితనం.

కొత్త జనం దగ్గరకు వెళ్లేటప్పుడు ముందు కొద్దిమందితో కూర్చుని, ప్రతి ప్రశ్నా వారికి ఏమని అర్థమైందో విడివిడిగా అడగండి. ఆ తర్వాత ఎక్కువ స్కోరు వచ్చినవారినే కాదు, తక్కువ వచ్చినవారిలో కొందరినీ స్కోరు తెలియని నిపుణుడి చేత పరీక్ష చేయించండి. ఖర్చు ఎక్కువని మనం వదిలేసే మెట్టు ఇదే, గీత ఎక్కడ గీయాలో చెప్పేదీ ఇదే. పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చావాలనే ఆలోచనల గురించి. అవునన్న మనిషికి ఆ రోజే సాయం అందే ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్న వేయడానికి మీకు హక్కు లేదు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సహాయవాణి 14416 నంబరు కనీసం సర్వేయరు నాలుక మీద ఉండాలి.

విశ్వవిద్యాలయాల పరిశోధక సంఘాల్లో ఉన్న పెద్దలకు నా విన్నపం: ఆల్ఫా ఒక్కటే చూపించిన ప్రతిపాదనను వెనక్కి పంపండి. పత్రికల మిత్రులారా, ఇంతమందికి డిప్రెషన్ ఉందని రాయకండి. ప్రశ్నావళిలో ఇంతమందికి ఇంత స్కోరు వచ్చిందని, దాన్ని ఎవరి మీద సరిచూశారో కూడా రాయండి.