తెలివిగల బిడ్డను దూరపు పాఠశాలకు పంపవలెనా?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠము)



మంచినీటిని గూర్చియు, వీధిదీపములను గూర్చియు, ఇంటిపన్నును గూర్చియు ఈ ఉదయమునుండి మీరు చాల సంగతులు వినియున్నారు. నేను చెప్పదలచినది మీ తీర్మానముల పుస్తకములో కనబడునది కాదు. అయినను అది ఏడాదికి ఒకసారియైనను మీ యింటి అరుగుమీదికి వచ్చును. ఐదవ తరగతి చదువుచున్న బిడ్డ తండ్రి మీయొద్దకు వచ్చి, “మావాడు చురుకైనవాడని పంతులుగారు అంటున్నారు. నవోదయ పరీక్ష రాయించమంటున్నారు. పంపమంటారా, వద్దంటారా?” అని అడుగును. మీరు చెప్పు మాట ఆ బిడ్డయొక్క ఏడు సంవత్సరముల జీవితమును మార్చగలదు.

నేను ముప్పదియైదు సంవత్సరములు పల్లెబడులలో పనిచేసినవాడను. అట్టి సలహాలు పలుమార్లు చెప్పితిని. అందులో ఒకటి నేటికిని నన్ను బాధించుచున్నది. దానిని మీకు చెప్పుటకే వచ్చితిని.

మొదట ఆ పాఠశాలల సంగతి తెలిసికొందము. పల్లెలో పుట్టిన తెలివి పల్లెలోనే అణగిపోరాదను ఆలోచన మన తెలుగునేలకు క్రొత్తది కాదు. శ్రీ పి. వి. నరసింహారావుగారి చొరవతో 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్ గ్రామమున గురుకుల పాఠశాల ఏర్పడినది. ఆ మరుసటి సంవత్సరము, అనగా 1972లో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలోను, గుంటూరు జిల్లా తాడికొండలోను అట్టివే వెలసినవి. తరువాత ఆయన కేంద్రమున మానవ వనరుల అభివృద్ధిశాఖ మంత్రిగా ఉన్నప్పుడు, 1986 నాటి జాతీయ విద్యావిధానములో భాగముగా నవోదయ విద్యాలయములు ఆరంభమైనవి.

నవోదయలో 6వ తరగతినుండి 12వ తరగతివరకు చదువు చెప్పుదురు. బస, భోజనము, దుస్తులు, పుస్తకములు ఉచితము. ప్రవేశములలో కనీసము 75 శాతము గ్రామీణ ప్రాంతముల బిడ్డలకు, కనీసము మూడవవంతు బాలికలకు కేటాయించియున్నారు. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగము మార్కులు బుద్ధికుశలతను పరీక్షించు ప్రశ్నలకు, తక్కిన సగము గణితమునకును భాషకును చెందును. పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును.

ఈ సౌకర్యములను అందరును చెప్పుదురు. చెప్పవలసిన తక్కిన సంగతులు కొన్ని కలవు. 9వ తరగతి మొదలు విద్యాలయ వికాసనిధికి నెలకు 600 రూపాయలు చెల్లింపవలెను. బాలికలకును, షెడ్యూల్డు కులములు, తెగల వారికిని, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబముల వారికిని మినహాయింపు కలదు. పై తరగతులలో గణితమును, విజ్ఞానశాస్త్రమును ఆంగ్లమున నేర్వవలెను. 9వ తరగతి విద్యార్థులలో 30 శాతమును ఒక సంవత్సరముపాటు హిందీ ప్రాంతపు విద్యాలయమునకు పంపుదురు. అచ్చటివారు ఇచ్చటికి వత్తురు. దేశమును ఎరుగుటకు ఇది చక్కని ఏర్పాటే. కాని ఈ సంగతి తల్లికి 6వ తరగతికి ముందే తెలియవలెను గాని, పెట్టె సర్దునాడు తెలియరాదు.

ఇక నా తప్పును చెప్పెదను.

నా బడిలో ఒక బాలుడు ఉండెడివాడు. తండ్రి వ్యవసాయకూలి. వడ్లబస్తాల లెక్క పెద్దలు కాగితముమీద వేయుచుండగానే ఆ బాలుడు నోటితో చెప్పెడివాడు. ప్రతి లెక్కకు రెండవ దారి వెదకెడివాడు. నాకు ఆశ కలిగినది. ఆరునెలలు రాత్రివేళ మా యింటిలో లాంతరు పెట్టి చదివించితిని. వానికి సీటు వచ్చినది. ఊరిలో డప్పులు మ్రోగినవి. పంచాయతీవారు శాలువ కప్పిరి. వానికి శాలువ కప్పినవారు గాని, సన్మానపత్రము చదివిన నేను గాని, “నీకు వెళ్ళవలెనని ఉన్నదా?” అని వానిని అడుగలేదు.

వాడు తల్లి ప్రక్కన తప్ప ఏనాడును నిద్రించినవాడు కాడు. ఆ సంగతి తల్లికి తెలియును. ఆమె చెప్పబోగా మేము విననైతిమి. అచ్చటి పాఠశాలవారు దయతోనే చూచిరి. వారి లోపము ఇసుమంతయు లేదు. అయినను దసరా సెలవులకు వచ్చినవాడు మరల పోనని గడ్డివాము వెనుక దాగినాడు. నేను నలుగురిలో కోపించితిని. ఊరు వానిని “పారిపోయి వచ్చినవాడు” అని పిలిచినది. ఆ పేరు భరింపలేక వాడు మా బడికి కూడ రాలేదు. పదవ తరగతి పూర్తి చేయనేలేదు. ఈనాడు మోటార్లు బాగుచేయుచు గౌరవముగనే బ్రతుకుచున్నాడు. కనబడినప్పుడు నమస్కరించును. కాని లెక్కల పుస్తకమును వాడు మరల తెరువలేదు. వానిని పంపుట ఒక తప్పు. తిరిగి వచ్చినవానికి తలుపు మూయుట అంతకంటె పెద్ద తప్పు. ఆ రెండింటిలోను నాకు పాలు కలదు.

కొన్ని సంవత్సరముల తరువాత వేరొక ఊరిలో ఒక బాలికకు సీటు వచ్చినది. ఇంటిలో అమ్మమ్మ ఒప్పుకొనలేదు. “ఆడపిల్లను హాస్టలుకు పంపితే రేపు మాట పడేది మేమే గదా” అన్నది. ఆ ఊరి సర్పంచి ఒక స్త్రీ. ఆమె వాదమునకు దిగలేదు. ఒక ఆదివారము బాలికను, తల్లిని, అమ్మమ్మను బస్సెక్కించి తీసికొనిపోయి విద్యాలయమును చూపినది. పడకగదులు, స్నానపు గదులు, వంటశాల చూచిరి. ప్రక్క గ్రామమునుండి వచ్చి 8వ తరగతి చదువుచున్న అమ్మాయితో అమ్మమ్మ గంటసేపు మాటలాడినది. తిరిగివచ్చిన పిమ్మట సర్పంచి బాలికను ఒంటరిగా కూర్చుండబెట్టి అడిగినది. ఆ పిల్ల, “నాకు వెళ్ళాలనే ఉందండీ. కాని తమ్ముడిని ఎవరు చూస్తారు?” అన్నది.

అమ్మమ్మ చెప్పిన కారణము వేరు; ఇంటిలోని అసలు చిక్కు వేరు. తల్లి కూలికి పోవునప్పుడు మూడేండ్ల పసివానిని ఆ పిల్లయే చూచుకొనుచుండెను. సర్పంచి వానిని అంగన్‌వాడీలో చేర్పించి, తల్లి పొలమునుండి వచ్చువరకు ఎదురింటివారు చూచునట్లు మాట తీసికొన్నది. పిల్ల వెళ్ళినది. మొదటి నెల ఏడ్చినది, తరువాత నిలచినది. 12వ తరగతి ముగించి ఇప్పుడు వ్యవసాయ విద్య చదువుచున్నది.

ఈ రెండు కథలలోను బిడ్డల తెలివియందు భేదము లేదు. ఒకరిని అడిగిరి, ఒకరిని అడుగలేదు. నేను చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే.

కనుక మీయొద్దకు ఎవరైన సలహాకు వచ్చినప్పుడు, ఔననుటకు గాని కాదనుటకు గాని ముందు మూడు సంగతులు విచారింపుడు.

మొదటిది: ఆ తెలివి బిడ్డదేనా, లేక మనము రుద్దినదా? మార్కులు మాత్రమే చూడకుడు. ఎవరును చెప్పకుండనే పుస్తకము పట్టునా? “ఎందుకు?” అని విసిగించునా? రానిదానితో గంటలకొలది పెనుగులాడునా? అట్టి బిడ్డకు పెద్దబడి పండుగవలె ఉండును. మాదిరి ప్రశ్నలు వల్లెవేసి సీటు తెచ్చుకొన్న బిడ్డకు అదియే భారము కావచ్చును.

రెండవది: బిడ్డ దూరముగా ఉండగలడా? పదకొండేండ్లకు అందరి మనస్సు ఒక తీరుగ పండదు. మేనమామ యింటిలో పదిదినములు ఉండి చూడుమనుడు. తన బట్టలు తాను ఉతుకుకొనగలడా? కడుపు నొచ్చిన నోరు విప్పి చెప్పగలడా? ఇవి చిన్న విషయములు కావు.

మూడవది: ఆ బిడ్డ వెళ్ళినచో ఇంటిలో ఏ పని ఆగును? గొర్రెలా, పసిపిల్లలా, ముసలివారి సేవయా? ఆడపిల్లల విషయమున ఈ ప్రశ్న మరింత ముఖ్యము. దీనిని ఇంటివారు తమంతట తాము చెప్పరు. మీరే మెల్లగా తెలిసికొనవలెను. తెలిసినచో, పంచాయతీ తీర్చగల చిక్కు అదియే కావచ్చును.

ఈ మూడింటికి సమాధానము దొరకిన పిమ్మట నిర్ణయము తల్లిదండ్రులది, బిడ్డది. మనది కాదు.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. “ఈ పరీక్షను ఐదవ తరగతిలో ఒక్కసారియే వ్రాయనిత్తురు గదా! వదలుకొన్నచో అదృష్టము పోయినట్లే గదా!” అని. ఆ పరీక్ష ఒక్కసారియే, నిజము. అందుకొరకు బిడ్డను మరల ఐదవ తరగతిలోనే కూర్చుండబెట్టుట వ్యర్థము. అట్టివారిని అర్హులుగా పరిగణింపరు. కాని తలుపు ఒక్కటియే కాదు. ఖాళీలను బట్టి 9వ తరగతిలోను, 11వ తరగతిలోను మరల ప్రవేశములు కలవు. రాష్ట్ర ప్రభుత్వముల గురుకులములు కలవు. ఇంటియొద్దనుండి ప్రభుత్వ పాఠశాలకే పోవు బిడ్డలకొరకు 2008 నుండి జాతీయ ఉపకారవేతన పథకము ఒకటి కలదు. 8వ తరగతిలో పరీక్ష వ్రాసి నెగ్గినవారికి 9 నుండి 12వ తరగతివరకు ఏడాదికి 12,000 రూపాయలు ఇత్తురు. కుటుంబ వార్షికాదాయము మూడున్నర లక్షల రూపాయలు మించరాదు. వసతిగల ప్రభుత్వ గురుకులములలో చదువువారు దీనికి అర్హులు కారు. ఇంటియొద్ద నిలచిన బిడ్డకే ఇది ఆసరా.

పరీక్షలో నెగ్గనివాడు తెలివిలేనివాడు కాడు. ఒక్కొక్క విద్యాలయమున ఏటేటను చేర్చుకొనునది 80 మందికి మించదు; పరీక్ష వ్రాయువారు దానికి ఎన్నో రెట్లు. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. ఔషధపరిశోధనలో ఆయన చేసిన కృషి లోకమెరిగినదే. గణితవేత్త శ్రీనివాస రామానుజన్ కళాశాలలో లెక్కలు తప్ప తక్కిన విషయములను విడిచిపెట్టి, ఉపకారవేతనము పోగొట్టుకొని, 1905లో ఇంటిలో చెప్పకుండ మన విశాఖపట్టణమునకు వెడలిపోయెను. గొప్ప తెలివిగలవాడు అన్నిట గట్టివాడై యుండడనియు, వానికి ఓర్పుగల పెద్దలు తోడుండవలెననియు ఇందువలన తెలియుచున్నది.

పోయిన బిడ్డ ఒకడైన, నిలచిన బిడ్డలు వందమంది. వారి విషయమున పంచాయతీకి బాధ్యత లేకపోలేదు. రాజ్యాంగపు 73వ సవరణ 1993లో అమలులోనికి వచ్చినది. దానితో చేర్చిన పదకొండవ షెడ్యూలున ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు సహా విద్యయు, గ్రంథాలయములును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఉన్నవి. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున స్థానిక సంస్థల ప్రతినిధులకును చోటు కలదు. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీ గ్రామస్థులే చెల్లించుచున్నారు. ఆ పన్నుకు తగిన పుస్తకములు మీ ఊరికి వచ్చుచున్నవా అని జిల్లా గ్రంథాలయ సంస్థవారిని అడుగుడు. సాయంకాలము ఒక గది, ఒక దీపము, కొన్ని పుస్తకములు, లెక్కలయందు ఇష్టముగల ఒక పెద్ద — ఇవి యుండిన చురుకైన బిడ్డకు ఊరిలోనే మేత దొరకును. వాని ప్రక్కన కూర్చున్నవారికిని దొరకును.

చివరకు మూడు మనవులు. దరఖాస్తుల గడువును ఏటేట తెలిసికొని బడియొద్దను, రచ్చబండయొద్దను చాటింపుడు; కూలివాని యింటికి ఆ వార్త ఆలస్యముగ చేరుచున్నది. పట్టణమున చదువుచున్న బంధువుల బిడ్డకు గ్రామీణుడని తప్పుడు ధ్రువపత్రము ఇప్పింపకుడు. 3, 4, 5 తరగతులు పల్లెబడిలో చదివిన బిడ్డ సీటే దానివలన పోవును. మూడవది, వెళ్ళునాడు డప్పులు తగ్గింపుడు. వెళ్ళిన బిడ్డ తిరిగివచ్చినచో “ఏమి జరిగినది?” అని గాక, “అన్నము తింటివా?” అని అడుగుడు. మరునాడు మీరే చేయి పట్టుకొని బడికి తీసికొనిపొండు.

నేను ఆనాడు ఆ పని చేయలేకపోయితిని. మీరు చేయుదురని నమ్మి సెలవు తీసికొనుచున్నాను.