డయోడ్‌లో కరెంటుని నాబ్‌తో మార్చడం ఎలా? ఇంటర్ ప్రాక్టికల్ ఇంట్లోనే!

ఇవాళ్టి ఎపిసోడ్ ముఖ్యంగా ఇంటర్ సెకండియర్ ఎంపీసీ వాళ్లకి. రాజమండ్రి కానివ్వండి, భీమవరం, అమలాపురం కానివ్వండి, డయోడ్ ప్రాక్టికల్ అంటే చాలామంది చేసేది ఒకటే: సీనియర్ రికార్డులోంచి రీడింగులు ఎక్కించేయడం. గ్రాఫ్ బ్రహ్మాండంగా వస్తుంది. వైవాలో "ఆ నాబ్ ఎందుకు తిప్పావమ్మా?" అని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఆ నాబ్ సంగతే చూద్దాం.

పుస్తకంలో పొటెన్షియోమీటర్ అంటే చెక్క మీద పొడుగ్గా లాగిన తీగ, దాని మీద జాకీ. షాపులో అడిగితే మూడు కాళ్ల చిన్న నాబ్ ఇస్తాడు. కంగారు పడకండి, రెండూ ఒకటే సూత్రం. తీగ బదులు గుండ్రటి కార్బన్ పట్టీ, జాకీ బదులు మధ్య కాలు, అంతే.

మనకి కావలసినవి: 1 కిలో ఓమ్ పాట్ (మీద బి102 అని ఉంటుంది), 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓమ్ రెసిస్టర్, 1ఎన్4007 డయోడ్, ఒక మల్టీమీటర్. పాట్ చివరి కాళ్లు రెండూ బ్యాటరీ ప్లస్, మైనస్‌లకి. మధ్య కాలు నుంచి రెసిస్టర్, అక్కడి నుంచి డయోడ్. డయోడ్ మీద వెండి గీత ఉన్న వైపు బ్యాటరీ మైనస్‌కి.

"రెండు కాళ్లే వాడి సిరీస్‌లో పెడితే సరిపోదా?" అంటారు. లెక్క వేయండి. నాబ్ మొత్తం తిప్పినా 1470 ఓమ్‌లే కదా, కరెంటు సుమారు 5.6 మిల్లీ ఆంపియర్ల కన్నా తగ్గదు. గ్రాఫ్‌లో అసలు చూడాల్సిన వంపు అంతకంటే కిందే ఉంది! మూడు కాళ్లూ వాడితే సున్నా నుంచి మొదలెట్టొచ్చు.

ఇప్పుడు మెల్లగా తిప్పండి. మొదట్లో ఏమీ జరగదు. మన డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కాలవలో నీరు తూము ఎత్తుకి రాకపోతే బోదెలోకి చుక్క పారదు. సిలికాన్ డయోడ్‌కి ఆ ఎత్తు దాదాపు 0.6 వోల్టులు. కాకపోతే ఒక తేడా ఉందండోయ్. అది దాటాక డయోడ్ మీద పదో వంతు వోల్టు పెరిగితే చాలు, కరెంటు సుమారు పది రెట్లవుతుంది. చేత్తో అంత సన్నగా తిప్పలేం. అందుకే 470 ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. అది లేకుండా నాబ్ చివరిదాకా తిప్పితే కరెంటుని ఆపేవాడే ఉండడు. డయోడో పాట్ పట్టీయో మాడుతుంది.

ఇంకో లాభం: ఆ రెసిస్టర్ మీద వోల్టేజి చూసి 470తో భాగిస్తే కరెంటు వచ్చేస్తుంది, రెండో మీటర్ అక్కర్లేదు. 0.47 వోల్టులుంటే 1 మిల్లీ ఆంపియర్, 4.7 ఉంటే 10. పది పన్నెండు రీడింగులు తీయండి, వంపు దగ్గర దగ్గరదగ్గరగా తీయండి.

డయోడ్ తీసి ఎర్ర ఎల్ఈడీ పెట్టారనుకోండి, వెలుగు 1.8 వోల్టుల చుట్టుపక్కల మొదలవుతుంది. నాబ్ సగంలో పెడితే మధ్య కాలు దగ్గర 4.5 రావాలి కదా? కొలవండి, 3.6 దగ్గర చూపిస్తుంది. మీటర్ పాడవలేదు. ఎల్ఈడీ వైపు వెళ్లే కరెంటు కూడా పాట్ పట్టీలోంచే రావాలి, దారిలో ఆ 0.9 ఖర్చయిపోయింది. వైవాలో ఇది చెప్తే ఎగ్జామినర్ తలెత్తి చూస్తారు.

చివరగా మళ్లీ 1ఎన్4007 పెట్టి, ఈసారి తిరగేయండి. ఎల్ఈడీని మాత్రం తిరగేయొద్దు, చాలావాటికి అటువైపు హద్దు 5 వోల్టులే. నాబ్ మొత్తం తిప్పినా రెసిస్టర్ మీద సున్నాయే కనిపిస్తుంది. ఆ సున్నాలు కూడా రికార్డులో రాసుకోండి.