విద్యుత్ కారులు, పొసగని ప్లగ్గులు



కృష్ణా మండలపు మెట్ట ప్రాంతమున, మామిడితోటల నడుమనున్న రెడ్డిగూడెము మాది. 2022వ సంవత్సరమునుండి మమ్ములను ఎన్.టి.ఆర్. జిల్లా వారనుచున్నారు గాని, మాకింకను ఆ పాత పేరే నోటికి వచ్చును. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి జగ్గయ్యపేట, నందిగామల మీదుగా సాగును. మా యూరు ఆ దారికి దూరముగా లోపల నున్నది. రహదారిపై పోవు విద్యుత్ కారు యజమానునకు ఒక విధమైన చింత, లోపలి పల్లెకు వచ్చువానికి మరియొక విధమైన చింత. రెండింటికిని మూలము ప్లగ్గు మూతియే.

పెట్రోలు బంకులోని గొట్టము ఏ కంపెనీ కారునకైనను పట్టును. విద్యుత్తునకు ఈ యైకమత్యము కుదిరి రాలేదు. 2017లో మన దేశమున భారత్ ఏ.సి.-001, భారత్ డి.సి.-001 అను రెండు పద్ధతులు నిర్ణయింపబడినవి. మొదటిదానిలో కర్మాగారములందు వాడు నీలిరంగు గుండ్రని సాకెట్లు మూడుండును, ఒక్కొక్కటి 3.3 కిలోవాట్లు ఇచ్చును. రెండవది చైనా వారి జీబీ/టీ మూతి కలది; 15 కిలోవాట్లది; నూరు వోల్టులకు లోబడిన బ్యాటరీలుగల నాటి చిన్నకారులకు తగినది. 2020లో నెక్సాన్ మొదలగు కారులు మూడువందల వోల్టుల బ్యాటరీలతో వచ్చినవి. వీనికి ఐరోపావారి సీసీఎస్-2 అను మూతి అమర్పబడినది. 2018 డిసెంబరు నాటి కేంద్ర ప్రభుత్వపు సూత్రములలో ప్రతి స్టేషనునందును అన్ని రకముల మూతులు ఉండవలెనని యుండగా, 2019 అక్టోబరులో ఆ నిర్బంధము తీసివేసి, ఏ మూతి పెట్టుకొనవలయునో యజమానుల ఇష్టమునకే విడిచిరి. అట్లు విడుచుట వ్యాపారికి మేలు. బాటసారికి మాత్రము చేతిసంచిలో మరియొక వస్తువు చేరినది. ఆ వస్తువే ఎడాప్టరు.

ఎడాప్టరులలో రెండు జాతులు కలవు. కొన్ని ఆకారమును మాత్రము మార్చును. ఒక కొసను నీలి సాకెట్టులో దూరు పిన్నులు, రెండవ కొసను మన యింటి 16 ఆంపియర్ల మూడుకన్నుల సాకెట్టు ఉండు ముక్క ఈ జాతిది. కారుతో వచ్చిన చార్జరును దీనికి తగిలించిన చాలును. ముప్పది యూనిట్ల బ్యాటరీ నిండుటకు తొమ్మిది పది గంటలు పట్టును గాని, ముక్క గట్టిదైనచో అపాయము లేదు.

రెండవ జాతి కేవలము తొడుగు కాదు, దుబాసీ. స్టేషనును, కారును ముందుగా మాటలాడుకొనినగాని విద్యుత్తు ప్రవహింపదు. టైప్-2 మూతిలో ఇందుకై ఒక సన్నని తీగ వేరుగా ఉండును. స్టేషను దానిపై 12 వోల్టులు ఉంచును. కారు తగులగానే అది 9 వోల్టులకు దిగును. పిమ్మట సెకనునకు వేయి మారులు తట్టు స్పందనములు మొదలగును. ఒక్కొక్క స్పందనపు వెడల్పును బట్టి ఎన్ని ఆంపియర్లు తీసికొనవచ్చునో కారు గ్రహించును. 'నేను సిద్ధము' అని కారు దానిని 6 వోల్టులకు దింపినపుడు మాత్రమే స్టేషను స్విచ్చి వేయును. స్కూటర్లవారు కొందరు వాడు టైప్-2 ఎడాప్టరులో చిన్న రెసిస్టరు నొకదానిని దాచి, కారు లేకున్నను ఉన్నదని స్టేషనును నమ్మింతురు. తెలిసినవాని చేతిలో అది పనిముట్టే, పిల్లలకు అందుచోట అది తగదు.

డి.సి. స్టేషనులలో సంభాషణ ఇంకను దీర్ఘమైనది. జపానువారి చాడెమో, చైనావారి జీబీ/టీ ఒక విధమైన భాష వాడగా, సీసీఎస్ వేరొక భాష వాడును. వాని మధ్య ఎడాప్టరులో ఒక చిన్న కంప్యూటరే ఉండవలెను గాన వెల యెక్కువ. అమెరికాలోని మనవారు 2023 పిమ్మట ఫోర్డు కారులకు చిన్న ముక్కను తగిలించి టెస్లా స్టేషనులలో చార్జి చేసికొనగలుగుటకు కారణము, అక్కడ భాష ఒక్కటే యగుట, మూతి మాత్రమే వేరగుట. అయితే నూరు వోల్టుల డి.సి.-001 యంత్రముతో మూడువందల వోల్టుల బ్యాటరీని నింపుట ఏ సామాన్యపు ఎడాప్టరుకును శక్యము కాదు. దుబాసీ యెంత నేర్పరియైనను బావిలో లేని నీటిని తోడలేడు గదా!

ఇక పల్లె సంగతి. గడచిన వేసవిలో మా మేనల్లుడు హైదరాబాదునుండి విద్యుత్ కారులో మా యింటికి వచ్చెను. చార్జరును సాకెట్టులో పెట్టగా ఎర్రదీపము వెలిగెను. కారు విద్యుత్తును స్వీకరింపలేదు. మా పాత యింటి సాకెట్టులో పెద్ద కన్ను పేరునకే యుండెను. దాని వెనుక ఎర్తు తీగ లేదు. కరెంటు పని చేయు ఒక యువకుడు వచ్చి చూచి, "న్యూట్రలునీ, ఎర్తు పిన్నునీ లోపల కలిపేసిన ప్లగ్గు దొరుకుతుందండీ. అది పెడితే పచ్చదీపం వచ్చేస్తుంది" అనెను.

"ఒక్క రాత్రికే కదా మామయ్యా!" అని మావాడు.

నేను ఒప్పుకొనలేదు. ఏలన, మన పల్లెలలో సాకెట్టు బిగించునపుడు ఫేజు, న్యూట్రలు తారుమారగుట అరుదు కాదు. అట్టి సాకెట్టులో ఈ ప్లగ్గు పెట్టినచో ఫేజు తిన్నగా కారు ఒంటికి చేరును. తారుమారు కాకున్నను, స్తంభమువద్ద న్యూట్రలు తీగ ఊడినప్పుడు అదే గతి. కారు రబ్బరు చక్రములపై నిలిచి యుండును గాన ఫ్యూజు కాలదు, దీపము ఆరదు, ఎవరికిని ఏమియు తెలియదు. తెల్లవారుజామున వాకిట కళ్లాపి చల్లిన తడినేలపై వట్టికాళ్లతో నిలిచి తలుపుపిడి పట్టుకొన్న మనిషి గుండా 230 వోల్టులు భూమిలోనికి దిగును. మా యింట వాకిలి చల్లునది మా అక్కయ్య, అనగా వాని తల్లియే. ఈ మాట చెప్పిన పిమ్మట మావాడు ప్లగ్గు ఊసెత్తలేదు.

రెండు దినములు వాని ప్రయాణము ఆగినది. మనుష్యులను పెట్టి గొయ్యి త్రవ్వించి, గొట్టము దింపి, బొగ్గు, ఉప్పు వరుసలుగా పోయించితిమి. మీటరు బోర్డునుండి 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ వేరుగా లాగించి, 30 మిల్లీయాంపియర్లు లీకైనచో ఆరిపోవు స్విచ్చి నొకటి పెట్టించితిమి. మెట్ట నేల గాన రోహిణికార్తెలో ఆ గొట్టము చుట్టు మట్టి ఎండి బీటలు వారును. అప్పుడప్పుడు రెండు బిందెల నీరు పోయవలెను.

సాకెట్టు వదులుగా ఉండరాదు. అతుకువద్ద పదవ వంతు ఓము అడ్డున్నను, 16 ఆంపియర్లు పారునపుడు అచట 25 వాట్ల వేడి పుట్టును. అది టంకము వేయు ఇనుపకడ్డీ వేడి. రాత్రి అంతయు ఆ కడ్డీని ప్లాస్టిక్కులో గ్రుచ్చి యుంచిన నేమగునో వేరుగ చెప్పనక్కరలేదు. అందుచే చార్జి మొదలిడిన అరగంటకు ప్లగ్గును చేతితో తాకి చూచుట మా యింట అలవాటయ్యెను. అంటుకొనలేనంత వేడిగా ఉన్నచో ఆపివేయుదుము.

తోటలోని బోరు మోటారు పెట్టెనుండి తీగ లాగి కారునకు పెట్టవచ్చునా యని కొందరు నన్ను అడిగిరి. ఆ పెట్టెలో ఫేజునకు ఫేజునకు నడుమ 400 వోల్టులుండును. తప్పు తీగ తగిలినచో చార్జరు ఆ క్షణముననే మాడిపోవును. పైగా ఆ ఉచిత విద్యుత్తు సేద్యమునకు ఇచ్చినది.