రైల్వే ఉద్యోగానికి శిక్షణ ఎవరిస్తారు? ఎప్పుడిస్తారు?

(మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం 'ఆడపిల్లలు - ఉపాధి శిక్షణలు'. చాలా పెద్ద అంశం. కుట్టు శిక్షణ నుంచి కంప్యూటరు శిక్షణ దాకా అన్నీ ముట్టుకుంటే దేని గురించీ సరిగా మాట్లాడినట్టు కాదు. అందుకని ఒక్కదాన్నే తీసుకుంటున్నాను. డబ్బు కట్టించుకుని రైల్వే ఉద్యోగానికి శిక్షణ ఇస్తామనే సంస్థల సంగతి. గార్డు, టీసీ, బుకింగ్ క్లర్కు - కరపత్రాల్లో ఎక్కువగా కనపడేవి ఈ మూడు ఉద్యోగాలే. ఆ శిక్షణ పొందితే ఆ ఉద్యోగం వస్తుందా? మా సంఘానికి వచ్చే తల్లులు ఈ ప్రశ్న అడగరు. "కట్టిన డబ్బు తిరిగొస్తుందా?" అని అడుగుతారు. అంటే అప్పటికే ఆలస్యమైపోయిందన్నమాట. డబ్బు కట్టకముందే మొదటి ప్రశ్న ఊళ్లో ఎవరో ఒకరు అడగాలి. ఆ పని మనం చెయ్యగలం కాబట్టి ఇవాళ దీన్ని ఎంచుకున్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. రాదు. రైల్వే శాఖ ముందు మనిషిని ఎంపిక చేసుకుంటుంది, ఆ తర్వాతే శిక్షణ ఇస్తుంది, ఆ శిక్షణ కాలంలో తనే స్టైపెండ్ ఇస్తుంది. ఈ వరసని తలకిందులు చేసి, ముందు శిక్షణ, దానికి డబ్బు, ఆ తర్వాత ఉద్యోగం అని ఎవరు చెప్పినా వాళ్లు అమ్ముతున్నది ఉద్యోగం కాదు.

అసలు దారి ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్తాను. ఇది తెలియకపోవడం వల్లే నష్టమంతా జరుగుతోంది. గార్డు అనే పేరు ఇప్పుడు లేదు. 2022 జనవరిలో ఆ పోస్టు పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు. (ఒకే కరపత్రంలో 'గార్డు కోర్సు' ఒకటి, 'ట్రైన్ మేనేజర్ కోర్సు' ఇంకొకటి వేసి వేర్వేరు ఫీజులు పెట్టిన సంస్థను నేను చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.) గూడ్స్ ట్రైన్ మేనేజర్‌కి డిగ్రీ ఉంటే చాలు. డిగ్రీతో పాటు రైల్వే డిప్లొమా ఉండాలని ఎక్కడా లేదు. టికెట్ క్లర్కు పోస్టుకి ఇంటర్మీడియట్ చాలు. ఈ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చేది రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు. మనకి దగ్గరది సికింద్రాబాద్ బోర్డు. కంప్యూటర్ మీద పరీక్ష, తెలుగులో కూడా రాయొచ్చు. అందులో నెగ్గితే సర్టిఫికెట్ల తనిఖీ, వైద్య పరీక్ష. గార్డు పనికి కంటిచూపు, రంగులు గుర్తుపట్టడం చాలా ముఖ్యం. అన్నీ అయ్యాక ఉద్యోగపు ఉత్తర్వు, ఆ తర్వాత శిక్షణ. దక్షిణ మధ్య రైల్వేకి మౌలాలిలో సొంత శిక్షణ సంస్థ ఉంది. జెండా పట్టుకోవడం దగ్గర్నుంచి బ్రేక్ వ్యాను సంగతుల దాకా నేర్పేది అక్కడ. బయట ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్ తీసుకెళ్లినా ఆ శిక్షణ తప్పదు, తీసుకెళ్లకపోయినా మార్కులేమీ తగ్గవు.

దీనికి ఎంత ఖర్చవుతుందో తెలుసా? 2024లో వచ్చిన నోటిఫికేషన్‌లో ఆడవాళ్లకి దరఖాస్తు రుసుము 250 రూపాయలు. మొదటి పరీక్షకి హాజరైతే బ్యాంకు చార్జీలు పట్టుకుని అది కూడా వెనక్కిచ్చేస్తారు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకి పరీక్షకి వెళ్లి రావడానికి రైలు పాసు కూడా ఉంది. వితంతువులకి, విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకోనివాళ్లకి వయసులో సడలింపు ఉంది. మన కేంద్రాలకి వచ్చే ఒంటరి ఆడవాళ్లలో ఈ సడలింపు సంగతి తెలిసినవాళ్లు నాకు ఇంతవరకూ ఒక్కరూ తగల్లేదు. లక్షలు అడిగే దళారి ఫోన్ నంబరు మాత్రం అందరి దగ్గరా ఉంది.

ఇక మా దగ్గరికి వచ్చిన ఒక విషయం చెప్తాను. ఊరు, పేరు చెప్పను. తల్లి పొదుపు సంఘంలో సభ్యురాలు. కూతురు బీఎస్సీ చదివింది. 'రైల్వే ఆపరేషన్స్' అని ఆరు నెలల కోర్సు, ఫీజు లక్షా ఎనభై వేలు. సంఘంలో అప్పు కొంత, తాకట్టు పెట్టిన గాజుల మీద కొంత, మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి. అద్దె మేడ మీద రెండు గదులు. యూనిఫాం కుట్టించారు, మెళ్లో గుర్తింపు కార్డు వేశారు. రైలు పెట్టెల రకాలు, సిగ్నల్ రంగులు పుస్తకంలోంచి చెప్పారు. ప్లాట్‌ఫారం టికెట్లు కొనిచ్చి రెండుసార్లు స్టేషన్ చూపించి, దానికి 'ఫీల్డ్ ట్రైనింగ్' అని పేరు పెట్టారు. కోర్సు అయ్యాక 'ప్లేస్‌మెంట్' అని పంపింది ఎక్కడికంటే, రైళ్లలో దుప్పట్లు, దిండ్లు సర్దించే ఒక కాంట్రాక్టరు దగ్గరికి. ఆ పనికి ఎవరూ ఆరు నెలల శిక్షణ అడగరు. ఆ పని తక్కువదని నేననడం లేదు. అది రైల్వే ఉద్యోగం కాదు, కాంట్రాక్టరు ఉద్యోగం అంటున్నాను. కమిషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటు కౌంటర్లో కూర్చోబెట్టి అదే రైల్వే ఉద్యోగమని నమ్మించిన సంగతులూ విన్నాం. స్టేషన్లో పనిచేసేవాళ్లందరూ రైల్వే ఉద్యోగులు కారు. ఈ తేడా మీదే దళారులు బతుకుతున్నారు.

తల్లి వెళ్లి నిలదీస్తే దరఖాస్తు ఫారం వెనక చిన్న అక్షరాల ఇంగ్లీషులో 'ఉద్యోగానికి హామీ లేదు' అని ఉన్న వాక్యం చూపించారు. దాని కింద అమ్మాయి సంతకం. కానీ ఆ తల్లి రేషను కార్డు పెట్టుకునే కవర్లోనే మొదటిరోజు ఇచ్చిన కరపత్రాన్ని దాచింది. దాని మీద తెలుగులో 'నూరు శాతం ఉద్యోగ గ్యారంటీ' అని పెద్దక్షరాలు. ఆ కాగితం చూపించి వినియోగదారుల కమిషన్‌కి వెళ్తామని నోటీసిచ్చాక, బేరాలాడి సగం డబ్బు వెనక్కిచ్చారు. వడ్డీ మాత్రం ఆవిడ ఇంకా కడుతూనే ఉంది. అమ్మాయి బట్టల దుకాణంలో పనిచేస్తూ బోర్డు పరీక్షకి చదువుకుంటోంది.

ఇది నయం. చదువు చెప్పినట్టు నటించనైనా నటించారు. 2022లో తమిళనాడుకి చెందిన 28 మందిని ఢిల్లీ తీసుకెళ్లారు. టీటీఈ, క్లర్కు ఉద్యోగాలన్నారు. ఒక్కొక్కరి దగ్గర 2 లక్షల నుంచి 24 లక్షల దాకా, మొత్తం 2 కోట్ల 67 లక్షలు వసూలు చేశారు. వైద్య పరీక్ష అన్నారు, సర్టిఫికెట్ల తనిఖీ అన్నారు. ఆఖరికి 'శిక్షణ' పేరుతో న్యూఢిల్లీ స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద నిలబెట్టి రోజుకి ఎనిమిది గంటలు వచ్చే రైళ్లు, పోయే రైళ్లు, వాటి పెట్టెలు లెక్కపెట్టించారు. నెల రోజులు లెక్కపెట్టారు. వాళ్లేమీ చదువురానివాళ్లు కాదు, చాలామంది ఇంజనీరింగ్ వంటి చదువులు చదివినవాళ్లు. శిక్షణ అనే మాటకి అంత బలం ఉంది. శిక్షణ మొదలైందంటే ఉద్యోగం వచ్చేసినట్టేనని మన మనసు నమ్ముతుంది.

ఎందుకు నమ్ముతారు, ఆశపోతులు అనడం నాకు ఇష్టం లేదు. లెక్క చూడండి. 2019 నోటిఫికేషన్‌లో సుమారు 35 వేల పోస్టులకి కోటీ పాతిక లక్షల దరఖాస్తులు. ఆ మొదటి పరీక్ష 2020 డిసెంబరు చివర్లో గానీ మొదలు కాలేదు. 2022 జనవరిలో ఫలితాల మీద బీహార్లో అంత గొడవ జరిగింది. ఆ తరహా నోటిఫికేషన్ మళ్లీ వచ్చింది 2024 సెప్టెంబరులో. ఐదున్నరేళ్లు! అప్పుడు కూడా డిగ్రీ స్థాయి పోస్టులు 8,113 అయితే, దరఖాస్తులు 58 లక్షలకు పైగా. పోస్టుకి ఏడు వందల మంది. ఏటా క్యాలెండరు ప్రకారం నోటిఫికేషన్లు ఇస్తామని 2024లో రైల్వే ప్రకటించింది, 2025లో మళ్లీ వచ్చింది కూడా. అయినా జరిగిపోయిన ఆ ఐదున్నరేళ్లలో మగపిల్లాడు ఎదురుచూడగలిగాడు. ఆడపిల్లకి ఎవరు చూడనిస్తారు? ఇరవై మూడేళ్లొచ్చాయంటే ఇంట్లో సంబంధాలు మొదలు. దళారి అమ్మేది ఉద్యోగం కాదు, 'ఆర్నెల్లలో తేలిపోతుంది' అనే మాట. ఆ మాటని ఆడపిల్లలున్న ఇళ్లే ఎక్కువ ధరకి కొంటాయి.

ఇంకో సంగతి. ఆ డబ్బు చాలా ఇళ్లలో కట్నానికని దాచిందే. "ఉద్యోగం తెచ్చుకుంటావా, పెళ్లి చేసుకుంటావా, డబ్బు ఒక్కసారే" అని తండ్రి ముందే చెప్తాడు. డబ్బు పోయిందంటే ఆ నష్టం అమ్మాయి పేరునే రాస్తారు. కొడుకు మోసపోతే "పాపం, పిల్లాడు మోసపోయాడు" అంటారు. కూతురు మోసపోతే "దీన్ని చదివించడమే తప్పు" అంటారు. దాంతో చెల్లెలి చదువు కూడా ఆగిపోతుంది. ఇంటర్వ్యూ అనీ, వైద్య పరీక్ష అనీ వేరే ఊరికి రమ్మనడం, రాత్రిపూట ఫోన్లు చేయడం గురించి అమ్మాయిలు మాకు చెప్తారు, ఇంట్లో చెప్పరు. చెప్తే "ఎవరితో వెళ్లావు, ఎక్కడున్నావు" అనే ప్రశ్నలే వస్తాయని భయం. ఈ భయం ఉన్నంతకాలం పోలీసు స్టేషన్ దాకా ఎవరూ రారని మోసగాళ్లకి బాగా తెలుసు.

రైల్వే తనే ఇచ్చే శిక్షణలు లేవా అని మీలో కొందరికి సందేహం రావచ్చు. ఉన్నాయి, అవి తెలుసుకోవాలి. 2021 సెప్టెంబరులో మొదలైన రైల్ కౌశల్ వికాస్ యోజన కింద పదో తరగతి చదివినవాళ్లకి ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ వంటి పనుల్లో వంద గంటల శిక్షణ ఇచ్చారు. ఉచితం. దీనివల్ల రైల్వేలో ఉద్యోగం అడిగే హక్కు రాదని రైల్వే అందులోనే రాసింది. సొంత సంస్థే ఆ మాట అంటుంటే, మేడ మీద రెండు గదుల సంస్థ గ్యారంటీ ఎలా ఇస్తుంది? ఉద్యోగానికి నిజంగా పనికొచ్చే శిక్షణ అప్రెంటిస్‌షిప్. ఐటీఐ చదివి, 1961 అప్రెంటిస్ చట్టం కింద రైల్వే వర్క్‌షాపుల్లో స్టైపెండ్ మీద పనిచేసినవాళ్లకి లెవల్-1 పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. వాళ్లూ పరీక్ష రాయాల్సిందే. మన ఆడపిల్లలు ఐటీఐల్లో ఎంతమంది ఉన్నారు, ఫిట్టర్ ట్రేడులో ఎంతమంది ఉన్నారు అన్నది మనం వేరే కూర్చుని మాట్లాడుకోవాలి.

అమెరికాలో ఇలాంటి ప్రైవేటు స్కూళ్లు ఉన్నాయట కదా, అక్కడ వస్తున్నాయి కదా ఉద్యోగాలు అని ఈ మధ్య ఒక తండ్రి వాదించాడు. అక్కడ మన గార్డులాంటి పనివాణ్ణి కండక్టరు అంటారు. ఫీజు తీసుకుని నేర్పే స్కూళ్లు ఉన్నమాట నిజమే. కానీ 2012 నుంచి అక్కడ కండక్టరుకి ధ్రువీకరణ తప్పనిసరి, అది ఇచ్చేది స్కూలు కాదు, పనిలో పెట్టుకునే రైల్వే కంపెనీ. పెద్ద కంపెనీలు కొత్తవాళ్లని తీసుకుని, జీతమిచ్చి తామే నేర్పుతాయి. స్కూలు కాగితం ఇంటర్వ్యూ గది దాకా సాయపడితే పడొచ్చు, అంతే.

కోచింగ్ సెంటర్లన్నీ మోసమని నేననడం లేదు. లెక్కలు, రీజనింగ్, జనరల్ నాలెడ్జి నేర్పి పరీక్షకి తయారు చేసేవాళ్లు ఉన్నారు. అది చదువు, దానికి ఫీజు ఉంటుంది. ఎస్సీ, బీసీ స్టడీ సర్కిళ్లలో ఉచితంగా కూడా ఉంటుంది. అలాంటిచోట కూడా 'సెలక్షన్ గ్యారంటీ' అని ప్రకటించడం తప్పు. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. తన తరఫున ఏ ఏజెంటూ, ఏ కోచింగ్ సెంటరూ లేదని రైల్వే బోర్డు ప్రతి నోటిఫికేషన్‌లోనూ రాస్తుంది. ఆ పేరా ఒక్కటి తెలుగులో రాసి మీ కేంద్రాల్లో గోడకి అంటించండి.

మోసం జరిగాక వచ్చిన వాళ్ల దగ్గర మొదట కాగితాలు చూడాలి. కరపత్రం, రసీదు, డబ్బు పంపిన ఫోన్ సందేశాలు. డబ్బు ఆన్‌లైన్‌లో వెళ్లి ఉంటే ఆ రోజే 1930కి ఫోన్ చేయించాలి, ఆలస్యమైతే ఖాతాలో ఏమీ మిగలదు. 2024 జులై 1కి ముందు జరిగిందైతే ఐపీసీ 420, తర్వాత జరిగిందైతే భారతీయ న్యాయ సంహిత 318(4). మోసం ఢిల్లీలో జరిగింది కాబట్టి ఢిల్లీ వెళ్లమని స్టేషన్లో అంటే ఒప్పుకోవద్దు. నేరం ఎక్కడ జరిగినా ఇక్కడే సమాచారం తీసుకోవాలని కొత్త సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్తోంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. శిక్షణ ఫీజని రసీదు మీద కట్టిన డబ్బు వేరు, 'పై అధికారికి ఇవ్వాలి' అంటే చేతిలో పెట్టిన డబ్బు వేరు. 2018 సవరణ తర్వాత ప్రభుత్వోద్యోగికి లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే రక్షణ. అలాంటి మాట వినపడితే ఫిర్యాదు రాయకముందే మన లాయరు మిత్రులతో మాట్లాడండి. తల్లి మీద కేసు వస్తుందన్న బెదిరింపుతోనే చాలామందిని వెనక్కి పంపేస్తున్నారు.

మీ ఊళ్లలో పంచుతున్న కరపత్రాలు తెమ్మని ముందే కబురు పెట్టాం. తెచ్చినవాళ్లు భోజనాలయ్యాక పక్క గదిలోకి రండి. ఏ సంస్థ ఏ మాట ఇచ్చిందో చూసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ కలెక్టరుకీ పంపాల్సిన అర్జీలు ఇవాళే రాసుకుందాం.