ఒక్కనాటిలో ఏ మ్యూజియము చూడవలెను?

(విహారయాత్రకు ముందు విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



చెన్నపురిలో మనకు లభించునది ఒక్క దినము. గడచిన యాత్రలో మేము మీ అన్నలకును అక్కలకును నాలుగు ప్రదర్శనశాలలను పరుగుపరుగున చూపితిమి. తిరిగివచ్చిన పిదప ఏమి చూచితిరని యడుగగా, వారికి జ్ఞప్తియందున్నది బస్సు ఎక్కుటయు దిగుటయు మాత్రమే. తప్పు వారిది కాదు, మాది.

కావున ఈసారి ఒక్కదానినే యెన్నుకొంటిమి: 1851లో స్థాపింపబడిన ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియము. కోటలోని మ్యూజియమును విడుచుటకు మనసొప్పలేదు; ఐనను విడిచితిమి. ఏలయన, ఎగ్మూరులో అమరావతి శిల్పములున్నవి. 1845లో వాల్టరు ఇలియట్ త్రవ్వించి మదరాసుకు చేర్చిన సున్నపురాతి ఫలకములలో అనేకము 1859లో లండనుకు పంపబడినవి. నేడు లండనుకు పోనక్కరలేకయే అమరావతి శిల్పమును మనము ఎగ్మూరున కన్నులార చూడగలము. మన పూర్వులవలె అవియు తెలుగునేలను విడిచి వచ్చినవే. ఐనను తమ రూపమును విడువలేదు.

శుక్రవారము అచట సెలవు, గురువారము పోదము. కంచు విగ్రహములను చూచుటకును వ్యవధి యుండును. ప్రతివారును ఒక్క ఫలకము నెదుట పావుగంట నిలిచి, చూచినదానిని తెలుగున వ్రాసికొని రండు. ఆ పుటలే మాకు గురుదక్షిణ.