మట్టి గోడ, ఎత్తు కప్పు



సెలవుల నుంచి వచ్చిన పిల్లల్ని "మీ ఇల్లు ఎట్లా ఉంటుంది?" అని అడిగితే స్లాబు ఇంటివాళ్లు గట్టిగా చెబుతారు. మట్టి ఇంటివాళ్లు తల దించుకుంటారు. తప్పు మాదే. గుడిసె కచ్చా ఇల్లు, సిమెంటుది పక్కా ఇల్లు అని బోర్డు మీద రాసి కంఠతా పట్టించింది మేమే. అందుకే ఈరోజు ఫ్రాన్సిస్ కెరే గురించి చెప్పాలనుకున్నాం.

ఆయనది ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశం, గాండో ఊరు. 1965లో పుట్టారు. ఊళ్లో బడి లేదు. ఏడేళ్లకే ఇల్లు వదిలి టెంకొడోగో పట్నం పోయారు. అక్కడ సిమెంటు గదిలో వందమందికి పైగా పిల్లలు. గాలి లేదు, వెలుతురు లేదు. ఆ ఉక్క ఎట్లుంటుందో మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. 1985లో వడ్రంగం నేర్చుకునే స్కాలర్‌షిప్‌తో జర్మనీ వెళ్లారు, తర్వాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదివారు.

ఆ చదువు ఇంకా పూర్తికాకముందే నిధులు పోగుచేసి సొంతూళ్లో బడి మొదలుపెట్టారు. మట్టితో కడదామంటే ఊరివాళ్లే నమ్మలేదు. వానకు మట్టి ఏమవుతుందో వాళ్లకు తెలియదా!

ఆయన తెలివి అక్కడే చూడాలి. మట్టిలో కొంత సిమెంటు కలిపి ఇటుకలు చేయించారు. గది మీద సందులు వదిలి ఇటుకలతోనే లోకప్పు వేశారు. దానిపైన ఇనుప చువ్వల దూలాలు, వాటి మీద ఎత్తుగా రేకులు. మనవైపు రేకులు నేరుగా గోడల మీదే దించుతారు, ఎండకు గది కొలిమి అవుతుంది. గాండోలో వేడిగాలి లోకప్పు సందుల్లోంచి పైకి పోతుంది, కిటికీల నుంచి చల్లగాలి వస్తుంది. రేకులు గోడలు దాటి బాగా బయటికి ఉంటాయి కాబట్టి వాన గోడకు తగలదు. ఏసీ అక్కర్లేదు.

కట్టింది ఊరే. పిల్లలు పునాదికి రాళ్లు మోశారు, ఆడవాళ్లు నీళ్లు మోశారు. మన అమ్మలు దిమ్మిసతో నేల కొట్టినట్టే అక్కడా మట్టి నేలను కొట్టి గట్టిచేశారు. తర్వాత వచ్చిన లైబ్రరీకైతే కుండల అడుగులు కోసి కప్పులో అమర్చారు, వెలుతురుకూ గాలికీ.

బడి 2001లో పూర్తయింది. 2004లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది. 2022లో కెరేకు ప్రిట్జ్‌కర్ బహుమతి ఇచ్చారు. ఆర్కిటెక్టులకు అంతకన్నా పెద్దది లేదు. ఆఫ్రికా నుంచి ఆయనే మొదటివారు.

సిమెంటు వద్దని మేం అనడం లేదు. మట్టి ఇళ్లలోనే పెరిగాం. చెదలు, ఏటేటా మెత్తాల్సిన గోడలు మాకు తెలుసు. కెరే కూడా సిమెంటు వాడారు, ఇనుము వాడారు. ఏది ఎక్కడ ఎంత అన్నది లెక్క చూసుకున్నారు.

ఈసారి ఊరికి పోయినప్పుడు తాతనో అవ్వనో అడగండి. గోడకు మట్టి ఎక్కడిది తెచ్చారు, అందులో ఏం కలిపారు, చూరు ఎంత దించారు. కాగితం మీద రాసుకురండి. కచ్చా, పక్కా పాఠం మేం మళ్లీ రాసుకోవాలి, దానికి మీ కాగితాలు కావాలి.